వారానికి అయిదు మార్కులు

జర్మనీలో కొత్త కారు కొనబోయేవాడికి ఏ కారు కొనాలన్నది పెద్ద సమస్య కాదు. ఆఫీసులో వాళ్ళు, పక్కింటాయన, వీకెండులో కలిసే మనవాళ్ళు, అందరూ కలిసి అది మన బదులు తేల్చేస్తారు. అసలు తలనొప్పి షోరూంలో కూర్చున్నాక మొదలవుతుంది. డబ్బు ఎలా కడతారు? మొత్తం రొక్కమా, బ్యాంకు లోనా, లీజా, లేక ఇక్కడివాళ్ళు 'మూడు దారుల ఫైనాన్సు' అని పిలుచుకునే వ్యవహారమా? ఈ చివరిదాంట్లో మూడు నాలుగేళ్ళు నెలకి కాస్త కాస్త కట్టుకుంటూ పోతే ఆఖర్న ఒక పెద్ద ముద్ద మిగులుతుంది. అది కట్టి కారు ఉంచుకోవచ్చు, కారు వెనక్కి ఇచ్చేయచ్చు, లేదా ఆ ముద్దకి మళ్ళీ అప్పు చేయచ్చు. నెలవారీ అంకె చూస్తే ముచ్చటేస్తుంది. ఆఖరి అంకె మాత్రం మూడో పేజీలో చిన్నక్షరాల్లో ఉంటుంది.

ఇక చిన్న చిన్న చికాకులు. ఫ్యాక్టరీ నుంచి డీలరు దాకా కారు తెచ్చినందుకు విడిగా డబ్బు. నంబరు ప్లేటు మీద నచ్చిన అక్షరాలు కావాలంటే దానికి విడిగా. ఇన్సూరెన్సు నంబరు చూపిస్తే గానీ రిజిస్ట్రేషన్ కాదు. రోడ్డు టాక్సు మా ఖాతాలోంచి తీసుకోండి అని సంతకం పెడితే గానీ రిజిస్ట్రేషన్ కాదు. హైదరాబాదులో పదేళ్ళు ఒక్క గీత పడకుండా నడిపానంటే ఇన్సూరెన్సు వాళ్ళు మర్యాదగా తలూపి, కొత్త డ్రైవరు రేటు వేస్తారు. నేను వెళ్ళిన ఒక షోరూంలో (పేరెందుకు లెండి) అప్పు మీద బీమా వద్దని రెండుసార్లు చెప్పినా, మూడోసారి తెచ్చిన కాగితంలో అది దర్జాగా కూర్చుని ఉంది.

ఈ కాగితాలన్నీ చదువుతున్నప్పుడే ఈ దేశంలో జనం కారుకి డబ్బు ఎలా కట్టారన్న చరిత్ర మీద ఆసక్తి పుట్టింది. తవ్వినకొద్దీ అది మన చీటీలకీ, స్కూటర్ బుకింగులకీ, ప్రీ-లాంచ్ ఫ్లాట్లకీ దగ్గరగా కనిపించింది. అందుకే ఈ వ్యాసం.

1930లలో జర్మనీలో సామాన్యుడికి కారు కల. 1936 నాటికి చవక కారంటే ఒపెల్ వాళ్ళ పి4, ధర 1,450 రైష్‌మార్కులు. సగటు జర్మన్ ఏడాది సంపాదన సుమారు 2 వేలు. హిట్లర్‌కి కార్ల పిచ్చి ఎక్కువ. వెయ్యి మార్కుల లోపు దొరికే 'ప్రజల కారు' తయారవ్వాలన్నాడు. 1934లో ఫెర్డినాండ్ పోర్షెకి ఆ డిజైన్ పని అప్పగించారు. అప్పటికే ఉన్న కార్ల కంపెనీలు లెక్కలు వేసుకుని, ఆ ధరకి గిట్టుబాటు కాదని మెల్లగా పక్కకి తప్పుకున్నాయి. అప్పుడు నాజీల కార్మిక సంస్థ, జర్మన్ లేబర్ ఫ్రంట్, మేం చేస్తాం అని ముందుకొచ్చింది. వాళ్ళ దగ్గర డబ్బెక్కడిది అంటారా? 1933లో కార్మిక సంఘాలని రద్దు చేసి లాక్కున్న ఆస్తులున్నాయి. 1938 మే 26న ఫాలర్స్‌లేబెన్ దగ్గర ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. లేబర్ ఫ్రంట్‌లో జనాన్ని విహారయాత్రలకి తీసుకెళ్ళే విభాగం పేరు 'ఆనందం ద్వారా శక్తి'. కారుకి ఆ పేరే పెట్టారు. జర్మన్‌లో పొడి అక్షరాల్లో 'కా-డే-ఎఫ్' కారు అన్నమాట.

1938 ఆగస్టు 1న లేబర్ ఫ్రంట్ నాయకుడు రోబర్ట్ లై పొదుపు పథకం ప్రకటించాడు. వారానికి కనీసం 5 మార్కులు పెట్టి ఒక స్టాంపు కొనాలి, దాన్ని పొదుపు పుస్తకంలో అతికించాలి. కారు ధర 990 మార్కులు. లెక్కేస్తే 198 వారాలు, అంటే నాలుగేళ్ళకి కాస్త తక్కువ. బాగానే ఉంది కదా? ఆగండి. ఫ్యాక్టరీ నుంచి తెచ్చినందుకు 50 మార్కులు విడిగా, రెండేళ్ళ ఇన్సూరెన్సుకి 200 మార్కులు విడిగా. మొత్తం 1,240. ఇప్పుడు 248 వారాలు, అంటే దగ్గర దగ్గర అయిదేళ్ళు. ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఖర్చు ధరలో కలపని అలవాటు ఎనభై ఏళ్ళ పైబడినదని తెలిశాక నాకు డీలరు మీద కోపం కొంచెం తగ్గింది.

షరతులు ఇంకా చూడండి. కట్టిన డబ్బుకి వడ్డీ లేదు. పుస్తకం ఇంకొకరి పేరుకి మార్చడానికి లేదు. మధ్యలో మానుకోవడం దాదాపు కుదరదు, కుదిరినా ఇరవై శాతం కోత. కారు ఎప్పుడిస్తారో తేదీ లేదు. రంగు ఒకటే, ముదురు నీలం కలిసిన బూడిద రంగు.

మన చీటీతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ఇరవై మంది చీటీ వేస్తే మొదటి నెలే ఎవరో ఒకరు పాట పాడుకుని డబ్బు పట్టుకెళతారు. మిగతావాళ్ళకి కసరు దక్కుతుంది. నెల నెలా ఎవరికో ఒకరికి డబ్బు ముడుతోందని అందరి కళ్ళకీ కనిపిస్తుంది. అది ఆగిన నెలే చీటీ మునుగుతోందని తెలిసిపోతుంది. ఈ జర్మన్ చీటీలో అందరూ కట్టేవాళ్ళే, పాడుకునేవాడు ఒక్కడూ లేడు.

అయినా కట్టారు. మొత్తం సుమారు 3 లక్షల 36 వేల మంది చేరారు. కార్మికుల కోసమని పెట్టిన పథకంలో కార్మికులు నూటికి అయిదుగురే. చేరినవాళ్ళ సగటు సంపాదన ఏడాదికి 4 వేల మార్కుల దాకా ఉండేది, అంటే సగటు జర్మన్‌కి రెట్టింపు. గుమాస్తాలు, ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, మనలాంటి మధ్యతరగతి. వారానికి 30 మార్కులు తెచ్చుకునేవాడికి అందులో 5 పక్కన పెట్టడం అయ్యే పని కాదు మరి.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. ఫ్యాక్టరీలో సైన్యానికి జీపుల్లాంటి క్యూబెల్‌వాగన్లు, నీళ్ళలో ఈదే శ్విమ్‌వాగన్లు చేశారు. యుద్ధం అయ్యేదాకా జనం కట్టిన ఆ నమూనా కార్లు తయారైనవి 630 మాత్రమే. అవీ నాజీ పెద్దలకి, సైన్యానికి వెళ్ళాయి. పొదుపు పుస్తకం నింపినవాడికి ఒక్క కారూ రాలేదు. ఆశ్చర్యం ఏమిటంటే యుద్ధం మధ్యలో కూడా కొత్తవాళ్ళు చేరుతూనే ఉన్నారు. యుద్ధం గెలుస్తాం, అప్పుడు క్యూలో ముందుంటాం అని లెక్క.

ఈ కథలో పొదుపుదారులు మాత్రమే నష్టపోయినవాళ్ళు అనుకుంటే పొరపాటు. ఆ ఫ్యాక్టరీలో యుద్ధకాలంలో సుమారు 20 వేల మంది చేత బలవంతపు చాకిరీ చేయించారు. అందులో 5 వేల మంది దాకా నిర్బంధ శిబిరాల ఖైదీలు. స్టాంపులు అతికించినవాళ్ళకి పోయింది డబ్బు, వీళ్ళకి పోయింది బతుకు.

మరి జనం డబ్బు ఏమైంది? ఫ్యాక్టరీ కట్టడానికి వాడేశారని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. పాతిక కోట్ల మార్కుల పైచిలుకు బెర్లిన్‌లో లేబర్ ఫ్రంట్ సొంత బ్యాంకులో ఉంది. 1945లో సోవియట్ సేనలు బెర్లిన్‌లోకి వచ్చాక అదంతా వాళ్ళ చేతికి చిక్కింది. ఫ్యాక్టరీ ఊరు బ్రిటిష్ వాళ్ళ కిందికి వచ్చింది. 1945 మే 25న ఊరి పేరు వోల్ఫ్స్‌బుర్గ్ అయింది. ఇవాన్ హర్స్ట్ అనే బ్రిటిష్ మేజర్ శిథిలాల్లోంచి కార్లు చేయించడం మొదలుపెట్టాడు. అవే తర్వాత ప్రపంచమంతా 'బీటిల్' అని పిలిచిన కార్లు.

కార్లు ఫ్యాక్టరీ గేటు దాటి బయటికి వస్తుంటే పుస్తకాలు దాచుకున్నవాళ్ళు ఊరుకుంటారా? 1948లో సంఘం పెట్టుకున్నారు, 1949లో కోర్టుకెక్కారు. కంపెనీ వాదన ఒక్కటే: మీరు డబ్బు ఇచ్చింది లేబర్ ఫ్రంటుకి, ఆ సంస్థ ఇప్పుడు లేదు, మీ డబ్బు మా చేతికి రాలేదు. పొదుపుదారుల వాదన: ఈ కారు చూపించే కదా మా దగ్గర కట్టించుకున్నారు? కింది కోర్టు నుంచి పై కోర్టుకి, అక్కడినుంచి మళ్ళీ కిందికి, పన్నెండేళ్ళు తిరిగింది. చివరికి 1961 అక్టోబరులో రాజీ కుదిరింది. పూర్తిగా కట్టినవాళ్ళకి కొత్త ఫోక్స్‌వాగన్ మీద 600 మార్కుల తగ్గింపు, కారు వద్దనుకుంటే చేతికి 100 మార్కులు. అప్పటి బీటిల్ ధర సుమారు 4 వేల మార్కులు. అంటే 1938లో కారు మొత్తానికి డబ్బు కట్టడం మొదలుపెట్టినవాడికి 1961లో దక్కింది పదిహేను శాతం డిస్కౌంటు. ఈలోగా కాలేజీ వయసు పిల్లాడు నడివయసుకి వచ్చేశాడు.

నాకు బాగా తట్టిన సంగతి ఇంకోటుంది. పొదుపుదారులు కోర్టుకెక్కిన ఆ 1949లోనే ఫోక్స్‌వాగన్ తన కార్లు కొనేవాళ్ళకి అప్పులిచ్చే ఫైనాన్సు కంపెనీ పెట్టింది. పాత పద్ధతిలో ముందు డబ్బు, తర్వాత కారు. కొత్త పద్ధతిలో ముందు కారు, తర్వాత డబ్బు. ఎదురుచూడాల్సిన వంతు కొనేవాడి నుంచి అమ్మేవాడికి మారింది.

అలాగని వాయిదాల పద్ధతి అప్పుడే పుట్టలేదు. జర్మనీలో వాయిదా అమ్మకాల మీద చట్టం 1894 నాటిది. ఫోర్డ్ 1926లోనే ఇక్కడ కారు లోన్ల సంస్థ పెట్టింది. ఇవాళ ఇల్లు అద్దెకి కావాలన్నా అడిగే 'షూఫా' రిపోర్టు కూడా 1927లో బెర్లిన్‌లో, కరెంటు కంపెనీ దగ్గర వాయిదాల మీద ఇంటి సామాన్లు కొన్నవాళ్ళ లెక్కల్లోంచి పుట్టిందే. అప్పు అనే మాటకి జర్మన్‌లో ఉన్న 'షుల్డ్' అంటే తప్పు, నేరం అని కూడా అర్థం. అందుకే కాబోలు, ఇక్కడ ముసలివాళ్ళు అప్పు మీద కారంటే ఇంకా మొహం చిట్లిస్తారు. అప్పు చేసి పప్పు కూడు అని మనవాళ్ళు వెక్కిరించినట్టే.

తూర్పు జర్మనీ కథ వేరు. అక్కడ ట్రబాంట్ కారు 1957లో మొదలైంది. పత్తి పీచు, రెజిన్ కలిపి చేసిన పైడొక్కు, రెండు సిలిండర్ల పొగ బండి. దానికి పదేళ్ళు, పదిహేనేళ్ళు వెయిటింగ్. పద్దెనిమిదేళ్ళు నిండగానే పేరు రాయించుకునేవాళ్ళు. ఆ వరస కాగితమే చేతులు మారి అమ్ముడుపోయేది. వాడిన కారు కొత్తదానికంటే ఎక్కువ ధర పలికేది, ఎందుకంటే అది ఇవాళే దొరుకుతుంది. దీనికి ఒక దొడ్డిదారి ఉండేది: పశ్చిమ జర్మనీలో చుట్టాలుంటే, వాళ్ళు 'గెనెక్స్' అనే ప్రభుత్వ సంస్థకి పశ్చిమ మార్కుల్లో కడితే కారు కొద్ది వారాల్లోనో నెలల్లోనో ఇంటికి వచ్చేది.

ఇది చదవగానే మా బాబాయి గుర్తొచ్చారు. బజాజ్ చేతక్ బుక్ చేసి ఏళ్ళ తరబడి చూసిన తరం ఆయనది. విదేశీ మారకంలో కడితే వరస తప్పించి ఇస్తారని అమెరికాలో చుట్టాలున్నవాళ్ళని చూసి కుళ్ళుకునేవారట. ఇక ముందే డబ్బు కట్టించుకుని కారు ఇవ్వని కథ మనకీ ఉంది. 1971లో సంజయ్ గాంధీ పెట్టిన మారుతి లిమిటెడ్ డీలర్ల దగ్గర డిపాజిట్లు తీసుకుంది, జనానికి కార్లు రాలేదు. తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చి, సుజుకితో కలిశాక, 1983 డిసెంబరు 14న మొదటి మారుతి తాళాలు కొన్నవాడి చేతికందాయి. ఆ కారుకి బుకింగ్ డిపాజిట్ 10 వేల రూపాయలు. ఈసారి కార్లు నిజంగానే వచ్చాయి కాబట్టి ఆ డిపాజిట్లు ఇవాళ ఎవరికీ గుర్తులేవు.

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకోకండి. 2009లో ఇక్కడి ప్రభుత్వం తొమ్మిదేళ్ళు దాటిన పాత కారు తుక్కుకి వేసి కొత్తది కొంటే 2,500 యూరోలు ఇచ్చింది. 500 కోట్ల యూరోలు సెప్టెంబరు మొదటి వారానికే ఖాళీ. అప్పుడు డబ్బు అయిపోతుందని అందరికీ ముందే తెలుసు. 2023లో అలా జరగలేదు. కరెంటు కారు కొంటే ప్రభుత్వం 4,500 యూరోల దాకా ఇచ్చేది. కానీ దరఖాస్తు పెట్టాల్సింది కారు ఆర్డరిచ్చినప్పుడు కాదు, రిజిస్ట్రేషన్ అయ్యాక. ఆ నవంబరు 15న రాజ్యాంగ న్యాయస్థానం వాతావరణ నిధిలోని 6 వేల కోట్ల యూరోల కేటాయింపు చెల్లదంది. డిసెంబరు 16, శనివారం నాడు ప్రభుత్వం చావు కబురు చల్లగా చెప్పింది: రేపటితో దరఖాస్తులు బంద్. ఆర్డరిచ్చి, కారు కోసం నెలల తరబడి చూస్తున్నవాళ్ళకి ఒక్క రాత్రిలో లెక్క తప్పింది. కొన్ని కంపెనీలు ఆ సొమ్ము తామే భరిస్తామన్నాయి కాబట్టి గొడవ కొంత చల్లారింది.

జర్మన్ న్యాయంలో 'ట్సుగ్ ఉమ్ ట్సుగ్' అని ఒక సూత్రం ఉంది. ఆ చేత్తో ఇచ్చి ఈ చేత్తో పుచ్చుకోవడం. 1900 నుంచి అమల్లో ఉన్న సివిల్ కోడ్‌లోనే ఉంది, నువ్వు నీ వంతు ఇచ్చేదాకా నా వంతు ఇవ్వనక్కర్లేదని. మూడు లక్షల చిల్లర మంది ఆ చట్టం ఉన్న దేశంలోనే దాన్ని వదులుకుని స్టాంపులు అతికించారు. ఎందుకంటే అడిగింది ప్రభుత్వం, చూపించింది అందమైన కారు, కట్టాల్సింది వారానికి అయిదే మార్కులు.

మనవాళ్ళ అగ్రిగోల్డ్ కూడా అలాంటి కథే. చిన్న చిన్న వాయిదాలు, ఆఖర్న స్థలం అన్నారు. దాదాపు 32 లక్షల మంది, 6 వేల కోట్ల రూపాయల పైచిలుకు ఇరుక్కుపోయాయి. ఇవాళ హైదరాబాదులో ప్రీ-లాంచ్ ఆఫర్లంటూ మనలాంటి బయటి దేశాల వాళ్ళకి వచ్చే వాట్సాప్ మెసేజీలు కూడా ఆ తాను ముక్కలే: పర్మిషన్లు రాకముందే మొత్తం కట్టండి, రేటు తగ్గిస్తాం. తగ్గించేది ఉత్తినే కాదు, ఎదురుచూసే రిస్కంతా మన నెత్తిన పెడుతున్నందుకు.

కాబట్టి కారైనా ఫ్లాటైనా కాగితం ముందుకొచ్చినప్పుడు వడ్డీ ఎంత అన్న ప్రశ్నకంటే ముందు అడగాల్సినవి మూడున్నాయి. సరుకు చేతికొచ్చేదాకా నా డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? రాకపోతే ఎవరు తిరిగిస్తారు? ఆ ఇచ్చేవాడు అప్పటికి ఉంటాడా? ఈ మూడింటికీ జవాబు దొరికితే, నంబరు ప్లేటు మీద నచ్చిన అక్షరాల కోసం ఇంకో పదో పన్నెండో యూరోలు ఇవ్వడానికి మనకి పెద్దగా బాధ ఉండదు.