శంఖం, టెక్కెం, గడియారం: వినికిడి లోపం – యుద్ధవిద్యల చరిత్ర

ప్రవేశిక

‘చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు’ అనే సామెత తెలుగులో నిష్ఫల ప్రయత్నానికి పర్యాయంగా స్థిరపడింది. ఇందులోని శంఖాన్ని సాధారణంగా గుడిలోని శంఖంగానే భావిస్తారు. కాని శంఖం రణవాద్యం కూడా. కురుక్షేత్రంలో యుద్ధారంభాన్ని చాటినవి శంఖనాదాలే. ఆ వైపు నుంచి చూస్తే సామెతలో మరొక తీర్పు దాగి ఉంది: పోరుకు పిలిచే ధ్వనిని విననివాడికి పోరులో చోటు లేదు. ఈ తీర్పుకు యుద్ధవిద్యల చరిత్రలో ఎంత ఆధారం ఉందన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

ప్రాచీన యుద్ధరంగంలోనే సంకేతాలు రెండు రకాలు. శంఖం, భేరి, కొమ్ము చెవికి. టెక్కెం, పడగ కంటికి. టెక్కెం వైభవానికి మాత్రమే ఎత్తినది కాదు. ఏనుగుల ఘీంకారాలు, గుర్రాల సకిలింపులు, ఆయుధాల రొద కలిసి మాట మాటకు అందని వేళ తన పక్షం ఎక్కడుందో సైనికుడికి చెప్పే గుర్తు అది. పోరు ముదిరిన ఆ ఘడియలో రణరంగంలోని ప్రతివాడూ ఒక విధంగా చెవిటివాడే. సాము, కుస్తీ, ముష్టియుద్ధం వంటి విద్యలు స్వభావరీత్యా చెవిమీద ఆధారపడినవి కావు. వాటిలోకి చెవి ప్రవేశించింది పోటీ నియమాల ద్వారా, మరీ ముఖ్యంగా గడియారం ద్వారా.

చూసి నేర్చే విద్య

నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మహదేవపూర్ మండలం గోదావరి తీర ప్రాంతం. ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం ఈ మండలంలోనిదే. నది దాటితే మహారాష్ట్రలోని సిరోంచ. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు కరీంనగర్ జిల్లాలో ఉన్న మహదేవపూర్ దసలి పట్టు నేతకు పేరుపొందింది. నేత పని పాఠంగా విని నేర్చుకునేది కాదు. మగ్గం పక్కన కూర్చున్న పిల్లవాడు పెద్దల చేతిని, కాలిని చూసి పట్టుకుంటాడు. తెలంగాణ పల్లెల సాము విద్యదీ ఇదే దారి. తాలింఖానాలో ఉస్తాదు కర్ర తిప్పుతాడు. శిష్యుడు చూస్తాడు, తాను తిప్పుతాడు. తప్పితే ఉస్తాదు అతని మణికట్టు పట్టుకొని సరిచేస్తాడు. దసరా ఊరేగింపుల్లో, పీర్ల పండుగలో కనిపించే కర్రసాము, కత్తిసాములకు డప్పు తోడుంటుంది. అయితే డప్పు ఆటకు ఊపునిస్తుందే గాని దెబ్బ ఎటునుంచి వస్తుందో చెప్పదు. అది చెప్పేవి ఎదుటివాడి భుజం, చూపు, పాదం. పైగా డప్పు దరువు చెవికి మాత్రమే అందేది కాదు. దగ్గర నిలిచినవాడి రొమ్ముకూ అరికాలికీ తెలుస్తుంది.

కుస్తీలో ఈ సంగతి మరింత స్పష్టం. జోడీ కలబడిన తరువాత కన్ను సైతం వెనుకబడి స్పర్శ ముందుకు వస్తుంది. ప్రత్యర్థి బరువు ఏ కాలిమీదికి మళ్లిందో మల్లుడికి అతని అరచేయి, మెడ చెబుతాయి. నిజామాబాద్ ప్రాంతపు పల్లెల్లో జాతరల వేళ జరిగే కుస్తీలు కొబ్బరికాయ పందెంతో మొదలై వెండి కడియం పందెంతో ముగుస్తాయి. వీపు నేలకు ఆనిందా లేదా అన్నదే అక్కడి ప్రధానమైన తీర్పు; ఆనితే చిత్తు. చుట్టూ చేరిన ఊరంతా దాన్ని కళ్లారా చూస్తుంది. అటువంటి పోటీకి ఈలతో పని తక్కువ, గడియారంతో అంతకన్నా తక్కువ. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో సాధన చేసిన కోడి రామ్మూర్తి నాయుడి తరం ఎరిగిన మల్లవిద్య ఈ మట్టి గోదాలదే. పట్లలో నలిగి నలిగి ముద్దకట్టిన చెవిని కుస్తీలోకంలో అనుభవానికి గుర్తుగా చూడటం ఇక్కడ గమనార్హం. గోదా చెవిని కోరదు సరికదా, చాలాసార్లు దాన్ని దెబ్బతీస్తుంది.

ఈ వాదాన్ని అతిగా సాగదీయడమూ తగదు. లోపలి చెవి వినికిడికే కాదు, శరీర సమతుల్యతకు కూడా నెలవు. పుట్టుకతో తీవ్ర వినికిడి లోపం ఉన్నవారిలో కొందరికి, మెదడు పొరల వాపు వ్యాధివల్ల వినికిడి పోయినవారిలో మరికొందరికి సమతుల్యత కూడా దెబ్బతింటుంది. వారు కంటిమీద, అరికాలి స్పర్శమీద ఎక్కువగా ఆధారపడతారు, చీకట్లో తడబడతారు. సాధన వారికి అసాధ్యం కాదు. కాని వెనుకకు దొర్లడం, గిరుక్కున తిరగడం వంటివి నేర్పే తీరులో గురువు ఈ భేదాన్ని ఎరిగి ఉండాలి.

భరణానికి పరిమితమైన మనిషి

విద్య అడ్డుచెప్పకపోయినా సమాజం అడ్డుచెప్పిన చరిత్ర వేరే ఉంది. మనుస్మృతి పుట్టు చెవిటిని, మూగను దాయభాగానికి అనర్హుల జాబితాలో చేర్చింది. విజ్ఞానేశ్వరుని మితాక్షర ఆ సంప్రదాయాన్నే అనుసరించి, వారికి వాటా బదులు భరణం ఇవ్వాలన్నది. 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయం’ పేర దీన్ని తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో తొలి ధర్మశాస్త్ర గ్రంథంగా సాహిత్య చరిత్రకారులు దాన్ని గౌరవిస్తారు, ఆ గౌరవం సముచితమే. అయితే వినలేని మనిషిని ఆస్తికి కర్తగా కాక తిండికి పాత్రుడిగా మాత్రమే చూసే దృష్టి తెలుగు పాఠకుడికి చేరిన దారుల్లో అదొకటన్నది కూడా నిజం. బ్రిటిష్ ఇండియాలో ఈ అనర్హతను తొలగించినది 1928 నాటి హిందూ వారసత్వ (అనర్హతల తొలగింపు) చట్టం. నిజాం రాజ్యంలో భాగమైన మహదేవపూర్‌కు ఆ చట్టం నేరుగా వర్తించదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంతో దేశమంతటా లోపం, వ్యాధి అనేవి వారసత్వానికి అడ్డంకులు కాకుండా పోయాయి. వాటాకే పనికిరాడన్న బిడ్డను తాలింఖానాకు పంపాలన్న ఆలోచన ఏ ఇంట్లోనైనా సులభంగా పుట్టేది కాదు.

పాటు నుంచి గంటకు

గడియారం ప్రవేశంతో ఏమి మారిందో ఇంగ్లండు ముష్టియుద్ధ చరిత్ర బాగా చూపుతుంది. జేమ్స్ బర్క్ (1809–1845) బాల్యం నుంచీ చెవిటివాడు. అతని పోరాట నామంలోనే ఆ మాట ఉండేది. 1833 మే 30న సైమన్ బర్న్‌తో అతని పోరు 99 రౌండ్లు, మూడు గంటలకు పైగా సాగింది. బర్న్ మూడు రోజులకు మరణించాడు; బర్క్‌పై నరహత్య అభియోగం మోపి, చివరికి నిర్దోషిగా విడిచిపెట్టారు. అంత క్రూరమైన పోరును ఆదర్శంగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఇక్కడ అవసరమైనది ఒకే అంశం. ఆనాటి రౌండుకు నిమిషాల లెక్క లేదు. ఒకడు నేలమీద పడితే రౌండు ముగిసినట్టే. ముగింపు కంటికి కనబడేది కనుక, వినలేని యోధుడు ఆ కాలపు అగ్రశ్రేణి పోరాటగాళ్లలో ఒకడు కాగలిగాడు.

1867లో క్వీన్స్‌బెరీ నియమాలు వచ్చాయి. మూడు నిమిషాల రౌండు, ఒక నిమిషం విరామం. పాటు స్థానంలోకి గడియారం, గడియారంతోపాటు గంట వచ్చాయి. ప్రాణరక్షణ దృష్ట్యా ఇది మేలైన సంస్కరణే. ఆ మేలులోనే వినలేనివారికి కొత్త అపాయం పుట్టింది: గంట వినక కొట్టిన దెబ్బ నియమభంగం, గంట వినక దించని చేతులు వృథాశ్రమ. 1950 ప్రాంతంలో అమెరికాలో రాణించిన బధిర బాక్సర్ యూజీన్ హెయిర్‌స్టన్ కోసం రింగు స్తంభాలకు దీపాలు అమర్చి, గంటతోపాటు వెలిగించేవారు. పరిష్కారానికి నాలుగు దీపాలు చాలాయి. చాలా చోట్ల ఆ నాలుగు దీపాలు పెట్టాలన్న తలంపే రాలేదు.

ఈల విననివాడు

భారతదేశంలో ఈ సమస్యకు ప్రతీకగా నిలిచిన మల్లుడు హర్యానాలోని ఝజ్జర్ జిల్లా సస్రోలీకి చెందిన వీరేందర్ సింగ్. కుస్తీలోకం ఇచ్చిన పేరు ‘గూంగా పహిల్వాన్’. ఆ పేరులోని చులకనను తన పట్టుతోనే పోగొట్టినవాడతడు. మట్టి గోదాల దంగళ్లలో వినగలిగిన మల్లులతోనే తలపడి పెరిగాడు. అతని జీవితాన్ని నమోదుచేసిన కథనాల ప్రకారం, 2002లో జాతీయ క్యాడెట్ స్థాయిలో స్వర్ణం గెలిచినా, వినికిడి లోపం కారణంగా ప్రపంచ పోటీలకు వెళ్లే అవకాశం దక్కలేదు. పరుపుమీది కుస్తీ రిఫరీ ఈలతో నడుస్తుంది గదా! మట్టిలో అడ్డురాని చెవి పరుపుమీద అడ్డువచ్చింది.

తరువాతి మార్గం బధిర ఒలింపిక్స్. 1924లో పారిస్‌లో మొదలైన ఈ క్రీడల్లో కుస్తీ 1961 హెల్సింకీ పోటీలతో చేరింది. జూడో, కరాటే, తైక్వాండో 2009 తైపే పోటీలతో చేరాయి. వీరేందర్ 2005 మెల్‌బోర్న్, 2013 సోఫియా, 2017 సాంసున్‌లలో స్వర్ణాలు, 2009 తైపేలో కాంస్యం సాధించాడు. 2021 నవంబరులో పద్మశ్రీ అందుకున్న వెంటనే, ఆ పతకంతోనే ఢిల్లీలోని హర్యానా భవన్ ముందు కాలిబాటపై కూర్చున్నాడు. పారా క్రీడాకారులకు ఇచ్చే గుర్తింపు, నగదు పురస్కారాలు బధిరులకూ సమానంగా ఇవ్వాలన్నది అతని కోరిక. దీని వెనుక ఒక సంస్థాగత చరిత్ర ఉంది. అంతర్జాతీయ బధిర క్రీడా సంఘం 1995లో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ నుంచి వైదొలగింది. తమ ప్రత్యేకతను కాపాడుకునేందుకు బధిరులు ఎంచుకున్న ఆ దారి, ‘పారా’ పదం చుట్టూ అల్లిన ప్రభుత్వ ప్రోత్సాహకాల వలయానికి వారిని వెలుపల నిలిపింది.

తెలుగు నేల నుంచి ఈ వేదికకు చేరినవారిలో హైదరాబాద్ రైఫిల్ షూటర్ ధనుష్ శ్రీకాంత్, కర్నూలు టెన్నిస్ క్రీడాకారిణి షేక్ జాఫ్రీన్ ప్రముఖులు. 2022 మే నెలలో బ్రెజిల్‌లోని కాషియాస్ దో సుల్‌లో ధనుష్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం, జాఫ్రీన్ మిశ్రమ డబుల్స్‌లో కాంస్యం సాధించారు. షూటింగ్ మాటల ఆజ్ఞలతో నడిచే క్రీడ. అయినా ధనుష్ వినగలిగిన యువకులతో కలిసి జూనియర్ అంతర్జాతీయ పోటీల్లోనూ పాల్గొన్నాడు.

డెసిబెల్ సరిహద్దులు

నేటి పరిస్థితిలో ప్రవేశాన్ని నిర్ణయించేది శంఖం కాదు, ఆడియోగ్రామ్. బధిర ఒలింపిక్స్‌కు మెరుగైన చెవిలో సగటున 55 డెసిబెల్స్ లోపం ఉంటే చాలు. మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 60 నుంచి 70 వరకు ఉంటే పాక్షిక వినికిడి లోపం, 70 అయితే బధిరత్వం. 57 డెసిబెల్స్ లోపమున్న యువతి అంతర్జాతీయ గోదాలో బధిర క్రీడాకారిణి. తన మండల కేంద్రంలో ధ్రువపత్రానికి అర్హురాలు కాదు. అదే చట్టంలోని 30వ సెక్షన్ క్రీడల్లో దివ్యాంగుల సమాన భాగస్వామ్యానికి ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలంటుంది. 2011 జనగణన లెక్కలో వినికిడి లోపమున్నవారు దేశంలో 50 లక్షలకు పైమాటే. ఈ రెండు కొలమానాల నడుమ నిలిచినవారు ఆ లెక్కలో ఎటు చేరారన్నది సెక్షన్ భాష తేల్చే విషయం కాదు.

రెండవ సరిహద్దు శస్త్రచికిత్సది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాల చిన్నారులకు కాక్లియర్ ఇంప్లాంట్‌ను అందుబాటులోకి తెచ్చింది. లక్షలు ఖర్చయ్యే చికిత్స చేరడం పల్లె కుటుంబాలకు సామాన్యమైన మేలు కాదు. చర్మం కింద, పుర్రెకు ఆనించి అమర్చే ఈ పరికరం తలకు బలమైన దెబ్బ తగిలితే చెడిపోవచ్చు. అందువల్ల బాక్సింగ్ వంటి తలకు దెబ్బ తగిలే క్రీడలకు దూరంగా ఉండమని వైద్యులు సూచిస్తారు. బధిర ఒలింపిక్స్‌లో పోటీ సమయాన వినికిడి పరికరాలు ధరించడం నిషిద్ధం కనుక పైభాగం తీసివేయవచ్చు. లోపలి భాగం లోపలే ఉంటుంది. మహదేవపూర్ వంటి మండలంలో ఇప్పుడు పెరుగుతున్న ఇంప్లాంట్ బిడ్డ కాళేశ్వరం గుడి శంఖాన్ని వినగలదు. వినలేని బర్క్‌కు తెరుచుకున్న గోదా మాత్రం, వినగలిగిన ఆ బిడ్డకు వైద్యుని సలహాతో మూసుకుంటుంది.