ప్రాస్పెక్ట్ పార్క్ వెస్ట్ సైకిలు మార్గం

ప్రాస్పెక్ట్ పార్క్ వెస్ట్ సైకిలు మార్గం అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్ ప్రాంతంలో ఉన్న రక్షిత సైకిలు మార్గం. దీనిని 2010 వేసవిలో న్యూయార్క్ నగర రవాణా శాఖ ఏర్పాటు చేసింది. ఉత్తరాన గ్రాండ్ ఆర్మీ ప్లాజా నుండి దక్షిణాన బార్టెల్-ప్రిచర్డ్ స్క్వేర్ వరకు, ప్రాస్పెక్ట్ పార్కు పడమటి అంచు వెంబడి ఇది సాగుతుంది. దీని పొడవు మైలుకు కొంచెం తక్కువ. ఇంత చిన్న మార్గం మీద నడిచిన వ్యాజ్యం మాత్రం ఐదేళ్లకు పైగా సాగి, అమెరికాలో సైకిలు మార్గాల గురించిన చర్చలలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది.

నేపథ్యం

బ్రూక్లిన్‌కు సైకిలు కొత్త కాదు. ప్రాస్పెక్ట్ పార్కు నుండి కోనీ ఐలాండ్ దిశగా పోయే ఓషన్ పార్క్‌వే పక్కన 1894లోనే సైకిళ్లకు ప్రత్యేక మార్గం వేశారు. అమెరికాలో ఇటువంటి వాటిలో ఇదే మొదటిదని చెబుతారు. మోటారు వాహనాలు పెరిగాక సైకిలు రోడ్డు అంచుకు నెట్టివేయబడింది.

2007లో అప్పటి మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ నగర రవాణా శాఖ కమిషనర్‌గా జానెట్ సాదిక్-ఖాన్‌ను నియమించారు. అదే సంవత్సరం మాన్‌హట్టన్‌లోని తొమ్మిదవ అవెన్యూలో, నిలిపి ఉంచిన కార్ల వరుసనే అడ్డుగోడగా చేసుకొని సైకిలు మార్గం వేశారు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లోని పద్ధతి దీనికి ఆదర్శం.

ప్రాస్పెక్ట్ పార్క్ వెస్ట్ దక్షిణ దిశగా మాత్రమే వాహనాలు పోయే ఏకదిశ రహదారి. అందులో మూడు వరుసలలో వాహనాలు నడిచేవి, రెండు ప్రక్కలా కార్లు నిలిపేవారు. రద్దీకి అవసరమైన దానికంటే రోడ్డు వెడల్పుగా ఉండటంతో అతివేగం పరిపాటి అయింది. అప్పటి వేగ పరిమితి గంటకు 30 మైళ్లు కాగా, ప్రతి నాలుగు వాహనాలలో మూడు దానిని మించి పోతున్నట్లు రవాణా శాఖ లెక్కించింది. ఉత్తరానికి వెళ్లవలసిన సైకిలిస్టులకు దారే లేదు, పార్కు లోపలి రోడ్డు కూడా ఏకదిశ మార్గమే. అందువలన చాలామంది పాదచారుల బాటపైకి ఎక్కేవారు. స్థానిక సలహా మండలి అయిన కమ్యూనిటీ బోర్డు 6 వేగాన్ని తగ్గించే మార్గాలు చూడమని 2007లో కోరి, 2009లో ప్రణాళికను ఆమోదించింది.

అమరిక

మూడు వాహన వరుసలలో ఒకదాన్ని తొలగించి, పార్కు వైపు అంచున రెండు దిశల సైకిలు మార్గాన్ని గీశారు. దాని ప్రక్కన చారలు గీసిన ఖాళీ జాగా, ఆ తరువాత నిలిపిన కార్ల వరుస, ఆపైన రెండు వాహన వరుసలు ఉంటాయి. ఖాళీ జాగా వదలడానికి కారణం, ఆగిన కారు తలుపు హఠాత్తుగా తెరచినా సైకిలిస్టుకు తగలకూడదని. పాదచారి దాటవలసిన వాహన వరుసలు తగ్గాయి గాని, సైకిళ్ల కోసం రెండు వైపులా చూడవలసి వచ్చింది. వృద్ధుల ఫిర్యాదులలో ఇది ప్రధానమైనది, నిరాధారమైనది కాదు. పాదచారులు మధ్యలో ఆగేందుకు ఎత్తైన కాంక్రీటు దిమ్మెలను తరువాతి కాలంలో కట్టారు.

మొదట జరిగిన పని చాలావరకు రంగు వేయడమే. పని త్వరగా, తక్కువ ఖర్చుతో ముగిసింది. అయితే రంగును చెరపవచ్చు కనుక ఇది శాశ్వతమా, తాత్కాలికమా అన్న సందేహానికీ ఆ పద్ధతే చోటిచ్చింది.

రవాణా శాఖ పరిశీలనల ప్రకారం వేగ పరిమితిని మీరే వాహనాలు ప్రతి ఆరింటిలో ఒకటికి తగ్గాయి. పనిదినాలలో సైకిలిస్టుల సంఖ్య దాదాపు మూడు రెట్లయింది. అంతకుముందు సగానికి దగ్గరగా ఉన్న పాదచారుల బాటపై సైకిలు తొక్కేవారి వంతు అతి స్వల్పమైంది.

వ్యతిరేకత

రహదారి అందం చెడిందనీ, సరుకు దించే వాహనం ఆగితే ఒక వరుస మూసుకుపోతోందనీ, ప్రక్కనే పార్కు ఉండగా రోడ్డుపై సైకిలు మార్గం అనవసరమనీ కొందరు నివాసులు వాదించారు. బ్రూక్లిన్ బరో అధ్యక్షుడు మార్టీ మార్కోవిట్జ్ వారిని సమర్థించారు. సాదిక్-ఖాన్‌కు ముందు అదే శాఖకు కమిషనర్‌గా పనిచేసిన ఐరిస్ వైన్‌షాల్ కూడా వ్యతిరేకులలో ఉన్నారు. ఈమె సెనేటర్ చక్ షూమర్ భార్య. 2010 అక్టోబరులో రెండు పక్షాలవారూ ఆ వీధిలోనే ప్రదర్శనలు జరిపారు.

వ్యాజ్యం

2011 మార్చిలో రెండు నివాసుల సంఘాలు నగర ప్రభుత్వంపై దావా వేశాయి. రవాణా శాఖ గణాంకాలు నమ్మదగినవి కావని, నిర్ణయం నిరంకుశమని, మార్గాన్ని తొలగించాలని కోరాయి. ప్రభుత్వ నిర్ణయాన్ని ఇటువంటి దావాలో ప్రశ్నించడానికి న్యూయార్క్ రాష్ట్ర చట్టం ఇచ్చే గడువు నాలుగు నెలలు. మార్గం ఏర్పడి అప్పటికి ఎనిమిది నెలలు దాటింది. ఇది ప్రయోగాత్మకమేనని తమకు చెప్పారు కనుక గడువు లెక్క అప్పుడే మొదలు కాలేదని వాదులు అన్నారు. ఆ విధంగా సైకిలు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న వెనుకబడి, రోడ్డు మీది రంగు గీత ఎప్పుడు తుది నిర్ణయం అవుతుందన్నదే అసలు ప్రశ్న అయింది.

2011 ఆగస్టులో న్యాయమూర్తి బర్ట్ బన్యన్ గడువు మీరిందని దావాను కొట్టివేశారు. 2012 డిసెంబరులో అప్పీలు న్యాయస్థానం, మార్గం ప్రయోగాత్మకమా కాదా అన్న విషయాన్ని విచారించవలసి ఉన్నదని చెప్పి దావాలో కొంత భాగాన్ని తిరిగి దిగువ కోర్టుకు పంపింది. మేయర్ మారారు, 2013 చివర సాదిక్-ఖాన్ పదవీకాలం ముగిసింది, 2014 నవంబరులో నగరమంతటా సాధారణ వేగ పరిమితి 25 మైళ్లకు తగ్గింది. దావా మాత్రం కోర్టులోనే ఉంది. చివరకు 2016 సెప్టెంబరులో వాదులు దానిని ఉపసంహరించుకున్నారు.