చెన్నపురి మృగశాలకు జంతువు లెట్లు వచ్చెను?

మా రుద్రవరము నల్లమల యడవి చెంత నున్నది. పులి యన్న మా వారికి వేడుక గాదు, భయము. పట్టణవాసులకో, అది వేడుక.

1851లో నెలకొన్న చెన్నపురి వస్తుప్రదర్శనశాలకు ఎడ్వర్డు బాల్ఫరను వైద్యుఁ డధిపతి. అచ్చట సజీవములైన చీతాను, పులిని నుంచఁగా జనులు గుంపులుగా వచ్చిరి. ఇది గ్రహించి యాతఁడు 1855లో మృగశాల స్థాపించెను.

మఱి మృగము లెట్లు లభించెను? ఆ కాలమున నరుదైన మృగములు రాజులకడ నుండెడివి. లండను మృగశాలకు 1850లో నీటిగుఱ్ఱము నిచ్చిన ఈజిప్టు పాలకుఁడు అబ్బాసు పాషా మాఱుగా వేటకుక్కలను గొనెను. ఇచ్చట బాల్ఫరు కర్ణాటక నవాబు నర్థింపఁగా, ఆయన తన జంతువుల నెల్ల నొసఁగెను. ఏఁడాది తిరుగునప్పటికి శాలలో ప్రాణులు 300లకు మించెను.

ఆ 1855లోనే నవాబు గులాం గౌసుఖాను నిస్సంతుగా మరణించెను. కుంపిణీవారు ఆ పదవినే రద్దు చేసిరి. ప్రభుత్వ మడఁగెను, మృగములు ప్రజల వేడుకకు మిగిలెను. ఆ శాల పిదప పీపుల్సు పార్కునకును, 1985 నాఁటికి వండలూరునకును జేరినది.

ఇచ్చినవాఁడు నవాబు, పుచ్చుకొన్నవాఁడు దొర. అడవిమృగ మెవ్వరి సొమ్మని యెవ్వరును అడుగరైరి. ఆ ప్రశ్నకు 1972 నాఁటి వన్యప్రాణి చట్టము బదులు చెప్పినది: ప్రభుత్వానుమతి లేక పులిని బట్టుట ఎంతవానికిని జెల్లదు.