పుస్తకముల పడవ

1935లో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలలో పుస్తకముల పడవ ఒకటి తిరుగసాగినది. పాతూరి నాగభూషణము మొదలగువారి కృషివలన ఏర్పడిన ఆ నౌకా గ్రంథాలయము పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామముల మధ్య సంచరించినది. నీటిబాటమీద రాకపోకలు సాగించు జనులకు పుస్తకములను అందించుటయే దాని పని.

నేడు అట్టి పడవలు పదింటిలో పట్టునన్ని పుస్తకములు ఒక్క సెల్‌ఫోనులో ఇముడును. పుస్తకము పాఠకుని జేబులోనికే వచ్చినది. అయినను పాఠకుడు పుస్తకమునకు దూరమగుచున్నాడు. ఈ వైపరీత్యమునకు కారణమేమి? దోషమంతయు సామాజిక మాధ్యమములదేనా? చరిత్రను కొంచెము వెనుకకు తిరిగి చూచిన ఈ ప్రశ్నకు సమాధానము దొరకును.

1911 జనాభా లెక్కలనాటికి భారతదేశములో అక్షరాస్యులు నూటికి సుమారు ఆరుగురు మాత్రమే. అట్టి కాలములో తెలుగువారు గ్రంథాలయములను స్థాపించుటకు పూనుకొన్నారు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల ప్రయత్నమున గ్రంథాలయ కార్యకర్తల మహాసభ జరిగినది. చిలకమర్తి లక్ష్మీనరసింహము దానికి అధ్యక్షత వహించినారు. 1918లో చీరాల సమీపమునగల వేటపాలెములో సారస్వత నికేతనము ఏర్పడినది. కాలక్రమమున ఈ ఉద్యమఫలము చట్టరూపమును కూడ పొందినది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము ప్రకారము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకము కూడ వసూలగుచు వచ్చినది. ఇల్లుగలవాడు చదివినను చదువకున్నను, ఊరివారి చదువునకు తనవంతు చెల్లించుచున్నాడన్నమాట.

ఆ పెద్దలు చదువు దానంతట అదే సాగునని భావింపలేదు. వారు భావించినది నిజమేనని నేటి విజ్ఞానశాస్త్రము చెప్పుచున్నది. మాట మానవునికి సహజముగా అబ్బును. బిడ్డ దానిని తల్లి ఒడిలోనే నేర్చుకొనును. చదువు అట్లు కాదు. లిపి పుట్టి సుమారు 5,000 సంవత్సరములు మాత్రమే అయినది. జీవపరిణామములో ఇది రెప్పపాటు కాలము. కాబట్టి చదువుటకొరకే పుట్టుకతో ఏర్పడిన భాగము మెదడులో లేదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు స్టానిస్లాస్ దహేన్, ఆయన సహచరులు 2010లో ప్రకటించిన ఒక పరిశోధనలో బ్రెజిల్, పోర్చుగల్ దేశములకు చెందిన 63 మంది పెద్దవారి మెదళ్లను పరీక్షించినారు. వారిలో నిరక్షరాస్యులు, పెద్దయిన పిమ్మట చదువు నేర్చినవారు, బాల్యముననే నేర్చినవారు కలరు. దృశ్యములను గుర్తించు మెదడు భాగములో, ఎడమవైపున, ఒకచోటు చదువు నేర్చినవారియందు అక్షరములకు ప్రత్యేకముగా స్పందించుచున్నట్లు తేలినది. పెద్దవయసున నేర్చినవారియందును ఈ మార్పు కనబడినది.

అయితే అక్షరములను గుర్తించుట వేరు. రెండువందల పుటలపాటు సాగు ఒక వాదమును పట్టు తప్పక అనుసరించుట వేరు. ఈ రెండవ శక్తి పొలములోని కాలిబాటవంటిది. నడచిన కొలది బాట పడును. నడక మానినచో గడ్డి మొలచును.

ఈ నడక ఎప్పుడు తగ్గినది? అమెరికాలో ఇందుకు దీర్ఘకాలపు లెక్కలు కలవు. అచట కథలు, నవలలు, నాటకములు, కవిత్వము చదువు పెద్దవారు 1982లో నూటికి 56.9 మంది ఉండగా, 2002 నాటికి 46.7 మందికి తగ్గినారు. ఫేస్‌బుక్ పుట్టినది 2004లో. అనగా సామాజిక మాధ్యమములు పుట్టకమునుపే క్షీణత మొదలైనది. పిమ్మట అది ఆగలేదు. ఏదేని ఒక దినమున వినోదార్థము చదువువారు 2004లో నూటికి 28 మంది కాగా, 2023లో 16 మంది మాత్రమేనని 2025లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. తెలుగునాట 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వచ్చినది. సాయంకాలపు తీరికను టెలివిజను పంచుకొన్నది. 2016లో జియో సేవలు మొదలైన పిమ్మట డేటా వెల మిక్కిలి తగ్గి, మిగిలిన తీరికలోనికి ఫోను ప్రవేశించినది.

క్రొత్త సాధనమును చూచి పెద్దలు భయపడుట పాత కథయేకదా యని కొందరు అందురు. అది కొంతవరకు నిజము. వ్రాత వలన జ్ఞాపకశక్తి నశించునని సోక్రటీసు చెప్పినట్లు ప్లేటో తన ఫీడ్రస్ సంవాదములో వ్రాసినాడు. 18వ శతాబ్దమున జర్మనీలో నవలా పఠనమునే ఒక వ్యసనముగా నిందించినారు. నాటి వ్యసనమే నేటి సద్గుణమైనది.

అయినను ఒక భేదము కలదు. పుస్తకమునకు చివరి పుట ఉండును. ఫోను తెరమీద జారు అంశములకు చివర లేదు. వ్రేలు కదలిన కొలది క్రొత్తది ప్రత్యక్షమగు ఈ పద్ధతిని 2006లో ఎజా రాస్కిన్ అను అమెరికను రూపకర్త కల్పించినాడు. తరువాత ఆయనయే దానికి విచారము వెలిబుచ్చినాడు. నవల పాఠకుని కట్టివేసినను, ముగియగానే విడిచిపెట్టును. అంతము లేనిది విడిచిపెట్టదు.

తెరమీద చదువుటకును, కాగితముమీద చదువుటకును తేడా కలదా? 2000 మొదలు 2017 వరకు వెలువడిన 54 పరిశోధనలను కొందరు శాస్త్రజ్ఞులు కలిపి పరిశీలించి, 2018లో ఫలితములను ప్రకటించినారు. సమాచారమును అందించు పాఠములను కాగితముమీద చదివినవారు కొంత మెరుగుగా గ్రహించినారు. కాలపరిమితి విధించినప్పుడు ఈ తేడా పెరిగినది. కథల విషయములో మాత్రము తేడా కనబడలేదు. కాబట్టి తెరను పూర్తిగా నిందింప బనిలేదు. భూగోళ పాఠమునకో, భౌతికశాస్త్ర పాఠమునకో అచ్చుపుస్తకమును తెరచుట మేలు.

నాటి గ్రంథాలయోద్యమకారులు చదువరని జనులను దూషించి ఊరకుండలేదు. పుస్తకము చేరనిచోటికి పడవను పంపినారు. నాటి కొరత పుస్తకము. నేడు పుస్తకము చేరువలోనే కలదు; చేరువలో లేనిది అంతరాయము లేని అరగంట. నేటి పడవ మోయవలసిన సరకు అదియే.

ఈ పని పాఠశాలకు అసాధ్యము కాదు. కాలనిర్ణయ పట్టికలో గ్రంథాలయమునకు కేటాయించిన పీరియడును పరీక్షల పునశ్చరణకు మళ్లింపకుండుట మొదటి మెట్టు. బీరువా తాళము తీసి పుస్తకమును విద్యార్థి చేతికి ఇచ్చుట రెండవది. ఆ సమయములో ఉపాధ్యాయుడు కూడ తన ఫోనును ప్రక్కనపెట్టి ఒక పుస్తకమును చదువుచు కూర్చుండుట మూడవది. దినమునకు అరగంటలో 15 పుటలు చదువు బాలిక 150 పుటల పుస్తకమును పది దినములలో ముగించును. ఏడాదికి 36 పుస్తకములు. నడక మానిన కాలిబాట మరల తేరుటకు ఆ మాత్రము నడక చాలును.