లాంచీ ట్యాంకు ఎందుకు కారుతది?

మన నల్గొండ జిల్లా సాగర్ నుంచి నాగార్జునకొండకు లాంచీలోనే పోవాలి. ఎందుకంటే, 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ నీళ్లలో లోయ మునిగి, కొండ దీవి అయింది. లాంచీతో పాటే డీజిల్ ట్యాంకూ నీళ్ల మీదికొచ్చింది.

గాలికి బరువుందని, గొట్టంలో పాదరసాన్ని నిలబెట్టేది ఆ బరువేనని 1644లో ఇటలీలో టోరిచెల్లి ఉత్తరంలో రాసిండు. ట్యాంకు మీది గాలి గొట్టం వెనుక ఉన్నదీ ఆ లెక్కే. డీజిల్ ఖర్చయినకొద్దీ గాలి లోపలికి పోవాలి, లేకుంటే ఇంజిన్ ఆగుతది. ఎండకు ఉబ్బిన గాలి బయటికి రావాలి. గొట్టం మూసుకుపోతే ఒత్తిడి పెరిగి, బలహీనమైన అతుకు దగ్గర డీజిల్ కారుతది. మూతదాకా నింపితే గొట్టంలోంచే పొర్లుతది: 100 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు లీటరున్నర పెరుగుతుంది.

అందుకే లీక్ కనిపిస్తే ముందు గొట్టం చూడండి అంటా నేను. కారేది మనం తాగే కృష్ణ నీళ్లలోకే కదా.