ద్వారపండితుడు మొదలు ఎంసెట్ వఱకు

విద్యాలయమున జేరగోరువానిని ముందుగా బరీక్షించుట పాశ్చాత్యులు మనకు నేర్పిన పద్ధతియని పెక్కురు తలచుచున్నారు. అది సరికాదు. క్రీస్తుశకము 7వ శతాబ్దమున భరతఖండమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యుయెన్‌త్సాంగు నలందా మహావిహారమున గొన్ని సంవత్సరములు విద్యాభ్యాసము చేసి, అచ్చటి యాచారములను వ్రాసియుంచెను. దూరదేశములనుండి వచ్చినవారిని ద్వారముకడనే కఠినప్రశ్నలడిగెడివారనియు, పదుగురిలో ఏడెనిమిదిమంది యుత్తరము చెప్పజాలక మరలిపోవుచుండిరనియు నాతని వ్రాతవలన దెలియుచున్నది. విక్రమశిలా విహారమునందును ద్వారములకడ మహావిద్వాంసులు నియుక్తులై యుండిరని టిబెట్టు చరిత్రకారుడు తారానాథుడు చెప్పెను. వీరికే ద్వారపండితులని పేరు. ఈ హ్యుయెన్‌త్సాంగే పిదప మన యాంధ్రదేశమునకు వచ్చి, ధాన్యకటకమున గొంతకాలము నిలిచి శాస్త్రపఠనము చేసెను.

ద్వారపండితుడు ఒక్కొక్కని యెదుట నిలిపి, వాని ముఖము చూచి, ప్రశ్నమీద ప్రశ్న వేసి, లోతు తెలిసికొనెడివాడు. అట్టి పరీక్షకు సిద్ధపడుటకు మార్గమొక్కటియే: గురుసన్నిధిని శాస్త్రమును సంపూర్ణముగ నభ్యసించుట. ఏ ప్రశ్న వచ్చునో యెవరును ముందుగా నెఱుగరు గదా.

అందఱకు నొకే ప్రశ్నపత్రము, ఒకే కాలము, ఒకే కొలబద్ద యను పద్ధతి మనకు 1857లో వచ్చినది. ఆ సంవత్సరముననే కలకత్తా, బొంబాయి, చెన్నపురి విశ్వవిద్యాలయములు లండను విశ్వవిద్యాలయము మాదిరిగా నేర్పడినవి. అవి ప్రారంభమున బాఠములు చెప్పునవి కావు. పరీక్షలు జరిపి పట్టములిచ్చునవి మాత్రమే. కళాశాలలో జేరుటకు మెట్రిక్యులేషన్ అను ప్రవేశపరీక్షయందు గృతార్థుడు కావలెను. గంజాము బాలునికిని తిరునెల్వేలి బాలునికిని ఒక్కటే పత్రము. నీ తండ్రి యెవరు, నీకు భూమి యెంత యని ఆ పత్రము అడుగలేదు. ఇది సామాన్యమైన మేలు కాదు.

అయితే పరీక్ష యడుగని ప్రశ్నలను పరీక్షకు సిద్ధపడుట యడిగినది. ఉన్నతపాఠశాలలు రాజమహేంద్రవరము, బందరు, కాకినాడ, నెల్లూరు వంటి పట్టణములలో నుండెను. పల్లెలోని పిల్లవాడు అచ్చటికి బోయి యెచ్చట నుండవలెను, ఏమి తినవలెను? ఎందఱో బాలురు వారములు చెప్పుకొని, దినమునకొక యింట భుజించి, వీథిదీపముక్రింద జదువుకొనిరి. బంధువులు లేనివారును, వారమిచ్చు గృహము గుమ్మమే యెక్కరానివారును మధ్యలోనే చదువు మానుకొనిరి. పరీక్షలో దప్పినవారి సంఖ్య లెక్కలలో గనబడును. పరీక్షవఱకు రాలేకపోయినవారి సంఖ్య ఏ లెక్కలోను గనబడదు.

మఱియొక కీడును గలిగినది. మెట్రిక్యులేషన్ పట్టా సర్కారు కొలువునకు దాళపుచెవి యగుటచే, ‘కీ’ లనియు ‘నోట్సు’ లనియు బేర్లుగల పుస్తకములు బయలుదేఱెను. గ్రంథమును వదలి కీని కంఠస్థము చేయుట వాడుకయయ్యెను. 1902లో సర్ థామస్ రాలీ యధ్యక్షతను గూర్చుండిన విశ్వవిద్యాలయ సంఘము, మన దేశమున బోధనము పరీక్షకు దాసియైనదని విచారపడెను. హైదరాబాదు విద్యాశాఖనుండి సయ్యదు హుస్సేను బిల్గ్రామీగారు ఆ సంఘమున సభ్యులు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో బరీక్ష తప్పిన వెంకటేశమునకు సెలవులలో జదువు చెప్పెదనను నెపమున గిరీశము గ్రామమునకు వెంటబోవుట అందఱెఱిగినదే. ఆ నాటకము మొదట అచ్చుపడినది 1897లో. ప్రైవేటు చదువు మన సాహిత్యమున కెక్కి నూఱేండ్లు దాటినదన్నమాట!

పల్లెబాలుని నివాసకష్టమును గొందఱు మహనీయులు గుర్తించిరి. హైదరాబాదులో 1918లో రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారి పూనికచే రెడ్డి వసతిగృహము వెలసెను. పల్లెలనుండి వచ్చిన బాలురకు నీడయు, అన్నమును, చదువుకొనుటకు నిశ్శబ్దమును అది సమకూర్చెను. 1971లో నాటి నల్లగొండ జిల్లా సర్వేలులో పి.వి. నరసింహారావుగారి చొరవతో బ్రభుత్వ గురుకుల పాఠశాల ప్రారంభమగుటయు ఈ మార్గముననే. ఈ రెండును పరీక్షను మార్చలేదు. పరీక్షకు బోవు త్రోవను మార్చినవి.

ఇంజనీరింగు, వైద్యవిద్యలకు ధనమే యర్హతయగుచున్న కాలమున, 1983లో ఆంధ్రప్రదేశ్ శాసనము క్యాపిటేషన్ ఫీజును నిషేధించి, సమాన ప్రవేశపరీక్షకు వీలు కల్పించెను. దానినుండి పుట్టినదే ఎంసెట్. 2021లో ఆంధ్రప్రదేశమునను, 2024లో తెలంగాణమునను దాని పేరు ఈఏపీసెట్ అయినది. వైద్యవిద్యకు 2017నుండి రెండు రాష్ట్రములవారికిని నీట్ పరీక్షయే ద్వారము.

ఈ పరీక్షల స్వభావమును దల్లిదండ్రులు తెలిసికొనవలెను. ఎంసెట్‌లో 3 గంటలలో 160 ప్రశ్నలు. అనగా బ్రశ్నకు సుమారు 67 సెకనులు. లెక్కను మూలమునుండి సాధింపగల బుద్ధిమంతుడు సాధించులోపల, అట్టి లెక్కలను వందలకొలది చేసి చేతివాటము సంపాదించినవాడు నాలుగు ప్రశ్నలు దాటిపోవును. మఱియు ఎంసెట్‌లో తప్పు సమాధానమునకు మార్కు కోయరు. కావున నే ప్రశ్నను విడువరాదు. నీట్‌లో తప్పునకొక మార్కు కోయుదురు. కావున దెలియనిచోట మౌనమే మేలు. ఈ చిన్న భేదములు పాఠ్యపుస్తకమున లేవు. పట్టణమున శిక్షణము పొందినవానికి మొదటి వారముననే తెలియును. పల్లె కళాశాలలోని పిల్లకు పరీక్షామందిరమున దెలియును. బుద్ధిలో భేదము లేకున్నను ర్యాంకులో భేదము వచ్చుట కిది యొక కారణము.

కావున ఈ చరిత్ర చెప్పునది యొక్కటే: పరీక్ష ధనమును అడుగదు, సన్నాహము అడుగును. 1857లో వారముల భోజనమున నున్న తారతమ్యము నేడు శిక్షణాలయముల రుసుములో నున్నది. రెండు సంవత్సరముల రుసుమునకై పొలమమ్మిన కుటుంబములు మన కెఱుకలో లేవా? కుమారుని శిక్షణమునకు బంపి, వానికంటె చుఱుకైన కుమార్తెను దగ్గఱ కళాశాలతో సరిపెట్టిన గృహములు లేవా?

వార్షికసభలలో ర్యాంకు తెచ్చిన బాలబాలికలకు బతకములిచ్చి సన్మానించుచున్నాము. మంచిదే. కాని వారు ద్వారము దాటినవారు. పోషకుల ద్రవ్యము ద్వారము వెలుపల నున్నవారికి ముందు చేరవలెను. పట్టణమున బాలికలకును బాలురకును వేఱువేఱుగ వసతి, పాత ప్రశ్నపత్రములతో గూడిన గ్రంథాలయము, వారమువారము గడియారము ముందుంచి వ్రాయించు అభ్యాసపరీక్ష, ఆ పిదప బ్రతి తప్పును గూర్చుండబెట్టి వివరించు ఉపాధ్యాయుడు: ఈ నాలుగును సన్మానసభకంటె నెక్కువ వ్యయసాధ్యములు కావు.

మఱియొక మాట. పరీక్షాఫలములు వెలువడిన దినములలో గొందఱు పసిబిడ్డలు ప్రాణములు తీసికొనుచున్న వార్తలు చదువుచున్నాము. నలందా ద్వారమునుండి పదుగురిలో ఏడెనిమిదిమంది మరలిపోయిరి. వారు బ్రతుకునకు బనికిరానివారని హ్యుయెన్‌త్సాంగు వ్రాయలేదు. తప్పిన బిడ్డను రెండవయేడు గూడ మొదటియేటి యాదరముతోనే చేరదీయుట ఇంటి పెద్దలకును సంఘమునకును విధి. ద్వారములు పెక్కు గలవు, బిడ్డ యొక్కతియే.