మెతుకులో దాగిన జన్యుచరిత్ర: వరి పుప్పొడిపై పార్నెల్ పరిశీలన (1921)

1. ప్రవేశిక:

శారదానది సముద్రంలో కలిసే తీరప్రాంతం రాంబిల్లి. అన్నం పొడిపొడిగా ఉందనీ, మెత్తబడిందనీ, ముద్దయిందనీ, జిగురుగా ఉందనీ అక్కడి వాడుకలోనూ వేరువేరు మాటలున్నాయి. ఈ భేదాలకు బియ్యం వయసు, వండే తీరు కొంతవరకు కారణాలు. కొత్త బియ్యం ముద్ద కావడం ఇందుకు ఉదాహరణ. వంగడపు జన్యులక్షణం మరొక కారణం. ఈ రెండవ కారణాన్ని వెలికితీసిన పరిశోధనలో ఒక ముఖ్యఘట్టం మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగింది. రాంబిల్లి నాడు ఆ ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. ఆ ఘట్టానికి తెలుగు బోధనలో చోటు దక్కాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పిండిపదార్థం - వాక్సీ జన్యువు:

బియ్యంలోని పిండిపదార్థం అమైలోజ్, అమైలోపెక్టిన్ అనే రెండు రకాల అణువులతో ఏర్పడుతుంది. మొదటిది చాలావరకు కొమ్మలు లేని గొలుసు, రెండవది కొమ్మలుగా విస్తరించినది. అమైలోజ్ 25 శాతం దాటిన బియ్యం సాధారణంగా పొడిగా ఉడికి, చల్లారాక గట్టిపడుతుంది. జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు. అస్సాంలోని బోరా బియ్యం ఈ కోవలోనివే. గింజలో అమైలోజ్‌ను తయారుచేసే ఎంజైమ్‌కు మూలం వాక్సీ జన్యువు. చైనా నుండి 1908లో అమెరికాకు చేరిన ఒక మొక్కజొన్న రకం గింజ లోపలి భాగం మైనంలా కనిపించింది. దానిని 1909లో జి.ఎన్. కాలిన్స్ వర్ణించాడు. ఆ పోలికే జన్యువుకు పేరయింది.

3. కోయంబత్తూరు పరిశీలన:

అనకాపల్లిలో 1913లో ఏర్పడిన పరిశోధనా స్థానం చెరకుకు సంబంధించినది. ప్రెసిడెన్సీలో వరి ప్రజననానికి 1912లో కోయంబత్తూరులో కేంద్రం ఏర్పడింది. అక్కడ ఎఫ్.ఆర్. పార్నెల్ జిగురు వరిని మామూలు వరితో సంకరం చేసి, ఆ సంకర మొక్క పుప్పొడిని అయోడిన్‌తో పరీక్షించాడు. అమైలోజ్ ఉన్న రేణువులు నీలంగా, లేనివి ఎర్రగోధుమ రంగులో కనిపించాయి. రెండు రకాలూ దాదాపు సమానంగా ఉన్నాయి. ఈ ఫలితం 1921లో ప్రచురితమయింది.

దీని ప్రాముఖ్యం మెండెల్ సిద్ధాంతంతో ముడిపడి ఉంది. సంతతిలో కనిపించే 3:1 నిష్పత్తిని బట్టి, తల్లిదండ్రుల లక్షణాలు బీజకణాలలో విడివడతాయని మెండెల్ ఊహించాడు. అది లెక్కల ద్వారా చేసిన అనుమానం. పుప్పొడి రేణువులో ఆ జన్యువు ప్రతి ఒక్కటే ఉంటుంది కనుక, ఆ విడివడటం అక్కడ 1:1 నిష్పత్తిలో కంటికే కనిపించింది. తార్కికుల మాటలో చెప్పాలంటే అనుమానం ప్రత్యక్షమయింది. మొక్కజొన్న పుప్పొడిలో ఇదే సంగతిని 1924లో డెమెరెక్, వేరుగా బ్రింక్, మెక్‌గ్రెగర్ వెల్లడించారు.

4. ఉత్పరివర్తన స్వరూపం:

పార్నెల్ చూసిన రంగుల భేదానికి కారణం ఏడు దశాబ్దాల తరువాత అణుస్థాయిలో స్పష్టమయింది. వాక్సీ జన్యువు మొదటి ఇంట్రాన్ ఆరంభంలో ‘జి’ అనే ఒక్క అక్షరం ‘టి’గా మారితే, జన్యుసందేశం సరిగా కూర్చబడక అమైలోజ్ తగ్గుతుంది. అనేక జిగురు వరులలో దీనికి తోడు రెండవ ఎక్సాన్‌లో 23 అక్షరాలు రెండుసార్లు వచ్చి, ఎంజైమ్ పనికిరాకుండా పోతుంది. మొక్కకు ఇది లోపమే. అయినా జిగురును ఇష్టపడిన రైతులు తరతరాలుగా ఆ విత్తనాన్నే ఎంచి కాపాడారు. ఉత్పరివర్తనకు విలువ కట్టింది నాలుక.

5. ముగింపు:

కోయంబత్తూరు కృషికీ మన పళ్లేనికీ బంధం తెగలేదు. అక్కడే 1921లో ఎంపికైన జి.ఇ.బి. 24, బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి వంశంలో ఉంది. మనం మెండెల్‌ను బఠానీలతో బోధిస్తున్నాం. అదే సూత్రానికి వరిలో ఇంత దగ్గరి నిదర్శనం ఉండగా విద్యార్థి దానిని ఎరగకుండానే పట్టభద్రుడవుతున్నాడు. పొడి, మెత్తన, జిగురు అనే మాటలు అతనికి ముందే తెలుసు. తెలుగులో ఈ పాఠాన్ని ఆ మాటలతోనే మొదలుపెట్టవచ్చు.